కారుకూ ఉందో గడప!

ఇంటి గడపను తొక్కకూడదంటారు పెద్దవాళ్లు. కారు గడపకు ఆ మర్యాద ఎక్కడిది? ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ కాలు పెట్టేది దానిమీదే, చెప్పుల బురద వదిలేదీ దానికే. తలుపు తీస్తే కింద కనిపించే ఆ పట్టీని మెకానిక్కులు సిల్ అనీ, రన్నింగ్ బోర్డనీ అంటారు. చూడ్డానికి మామూలు రేకు. కానీ బండిని నిలబెట్టేవాటిలో అదీ ఒకటి!

బొలేరో లాంటి బళ్లకు కింద ఛాసిస్ విడిగా ఉంటుంది. బరువంతా అదే మోస్తుంది. మారుతి 800 లాంటి చిన్న కార్లకు అలా ఉండదు. రేకులన్నీ కలిపి అతికిన పెట్టే వాటికి ఎముకల గూడు. ముందు చక్రాల వైపునూ వెనక చక్రాల వైపునూ కలిపి పట్టే దూలాలు ఈ సిల్‌లు. పైకప్పు కూడా కొంత బరువు పంచుకుంటుంది.

మరి పైకప్పు లేని స్పోర్ట్స్ కారు సంగతేంటి? దానికి సిల్‌లే పెద్ద దిక్కు. 1962 నుంచి 1980 వరకు బ్రిటన్‌లో తయారైన ఎంజీబీ ఇందుకు మంచి ఉదాహరణ. దాని సిల్ లోపలొకటి, బయటొకటి, మధ్యలో ఇంకొకటిగా రేకులు కలిపి చేసింది. అది తుప్పుపడితే కారు నడుము వంగుతుంది. తలుపు సరిగ్గా పడదు. అందుకే వాటిని మార్చేవాళ్లు పాత రేకు కోసేముందే తలుపు సందులో ఇనుప కడ్డీలు అడ్డంగా బిగిస్తారు. రెండు పక్కలా ఒకేసారి కోయరు. ఒకటి పూర్తయ్యాకే రెండోది. మధ్యమధ్యలో తలుపు వేసి చూసుకుంటారు.

స్పోర్ట్స్ కార్ల గొడవ మనకెందుకంటారా? కామారెడ్డి జిల్లా పిట్లం సంగారెడ్డి-నాందేడ్ దారిలో, 161వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. హైవే దిగి పొలం బాట పట్టిన కారుకు వానాకాలంలో చక్రాలు చిమ్మే బురదంతా సిల్‌కే అంటుతుంది. నీళ్లు పోయేందుకు దాని అడుగున చిన్న రంధ్రాలుంటాయి. బురదతో అవి మూసుకుపోతే నీరు లోపలే నిలిచిపోతుంది. గడప కొయ్యకు చెద పట్టినట్టే... పైన రంగు నిగనిగ, లోపలంతా డొల్ల!

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు మోసపోయేది ఇక్కడే. చిల్లుపడ్డచోట పుట్టీ నింపి పైన రంగు కొడితే కొత్తదానిలా మెరుస్తుంది. బరువు మాత్రం మోయదు. ప్రమాదంలో పక్కనుంచి దెబ్బ తగిలితే ఆపాల్సిన రేకే అక్కడ ఉండదు. బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన కార్లకు ఏటా తనిఖీ ఉంటుంది. సీటు బెల్టు బిగించేచోటికి 30 సెంటీమీటర్ల లోపు బలమైన తుప్పు ఉన్నా, పుట్టీతో పూడ్చినా కారు పాస్ కాదు.

మరి తెలుసుకోవడమెలా? ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం ఒకటి పట్టుకెళ్లండి. బట్టలో చుట్టి సిల్ పొడవునా జరపండి. ఇనుప రేకైతే పట్టుకుంటుంది. పుట్టీ మందంగా ఉన్నచోట పట్టు వదులుతుంది. వేలితో తట్టి చూడండి, శబ్దంలో తేడా తెలుస్తుంది. కాలిపట్టా ఎత్తి లోపలి వైపూ చూడాలి. అనుమానముంటే సిల్ కింద జాకీ పెట్టనివ్వకండి. డొల్ల రేకు నలిగి కారు జారొచ్చు.

పైన ఉండే ప్లాస్టిక్ పట్టీ మాత్రమే అరిగితే భయం లేదు. క్లిప్పులు విప్పి కొత్తది నొక్కితే సరి. రేకే పోతే మాత్రం తుప్పంతా కోసి, మంచి రేకు కనిపించాక కొత్తది అతికించాలి. సన్న రేకుకు గ్యాస్ వెల్డింగ్ వేడి ఎక్కువై వంకర పోవచ్చు, సీఓటూ వెల్డింగ్ మేలు. పని మొదలెట్టేముందు బ్యాటరీ తీగలు విప్పించండి, సీట్లూ కాలిపట్టాలూ తీయించండి. నిప్పురవ్వలు పడితే అంటుకుంటాయి. అతుకు మీద ప్రైమర్, లోపల తుప్పు పట్టనివ్వని మైనం తప్పనిసరి.

మనదగ్గర సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు. ఆపైన ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గితేనే మరో ఐదేళ్లు. అన్నాళ్లూ బండి నిలవాలంటే ఖర్చేమీ అక్కర్లేదు. వానాకాలం వెళ్లాక కింద నీళ్లు కొట్టి బురద వదిలించి, పుల్లతో ఆ రంధ్రాలు తెరిచి పెట్టండి చాలు. పండక్కి ఇంటి గడప కడిగే రోజే కారు గడపకూ ఓ బకెట్ నీళ్లు పోస్తే మరిచిపోయే పనే ఉండదు!