ఇరవైనాలుగు గంటల నొప్పి - ఎం.ఆర్.ఐ.



మనవారు 'ఇరవైనాలుగు గంటల నొప్పి' అని పిలుచు అపెండిక్సు వాపు గర్భిణికి వచ్చినచో దానిని పోల్చుకొనుట బహు కష్టము. మెక్‌బర్నీ అను అమెరికా శస్త్రవైద్యుడు 1889లోనే కుడి పొత్తికడుపున నొప్పి తావును గుర్తించి చూపెను గాని, గర్భము పెరిగినకొలది ఆ పేగు పైకి జరుగవచ్చును. వాంతులా, చూలాలికి అవి మామూలే. రక్తములో తెల్లకణములు హెచ్చుటయు అంతే. అల్ట్రాసౌండు మొదట చేయవలసినదే. నెలలు ముదిరినపుడు అందులో అపెండిక్సు తరచు కనబడనే కనబడదు. తాత్సారము చేసినచో పేగు చిల్లుపడి తల్లీబిడ్డ లిద్దరికిని ముప్పు. అనుమానముతో కోసి చూడగా పేగు బాగుగనే ఉన్నదని తేలిన సందర్భములును కలవు. ఆ కోతయు గర్భమునకు మంచిది కాదు.

ఇచ్చటనే ఎం.ఆర్.ఐ. అక్కరకు వచ్చును. అది అయస్కాంతముతోను రేడియో తరంగములతోను బొమ్మ తీయును. ఎక్స్‌కిరణములతో పని లేదు. గడోలినియం మందు ఎక్కింపకయే ఈ వాపును చూడవచ్చును. గర్భిణులకు అల్ట్రాసౌండు, ఎం.ఆర్.ఐ.లే ఎన్నదగిన పరీక్షలని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘము 2017లో తెలిపినది. తప్పనిసరియైనచో సి.టి. మానవద్దనియు అదే సంఘము చెప్పినది.

కడుపునొప్పి అన్న ప్రతివానిని ఆ గొట్టములోనికి పంపవలెనని నా వాదము కాదు. పేగు మెలిపడినవానికి, చిల్లుపడినవానికి నిమిషములలో ముగియు సి.టి.యే మేలు.

బళ్ళారిలో 1961 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకు పోయినవి. నొప్పి వచ్చినపుడు మాత్రము అటువారు పలువురు నేటికిని ఈ ఊరికే వచ్చుచున్నారు. యంత్రము కొన్నంత మాత్రమున చాలదు. రాత్రి రెండు గంటలకు దానిని నడపువాడెవరు? బొమ్మ చూచి చెప్పువాడెవరు? మా బంధువుల అమ్మాయికి ఏడవ నెలలో అర్ధరాత్రి నొప్పి రాగా, ఒకచోట "ఉదయము తొమ్మిదికి రండి" అనిరి. నొప్పికి ఆఫీసు వేళలు ఉన్నవా? బొమ్మలను దూరముననున్న నిపుణునికి క్షణములో పంపగల కాలమిది. అతడు ఇంట కూర్చుండియే చూచి చెప్పగలడు. కావలసినది యంత్రము నడపువాడొకడు, వంతుల పట్టిక ఒకటి.

అంతవరకును, గర్భిణులకు రాత్రివేళ ఈ పరీక్ష జరుగునో లేదో ప్రతి ఆసుపత్రివారును వాకిట కన్నడ, తెలుగు రెండింటను వ్రాసి పెట్టింతురు గాక. లేదని తెలిసినచో వచ్చినవారు తెల్లవారువరకు కూర్చుండక వెంటనే మరొక చోటికి పోవుదురు.

ఇట్లు,
ఒక పాఠకుడు
బళ్ళారి