కలిసి ఉన్నంత మాత్రాన

దాంపత్య సంతృప్తిని బాగా దెబ్బతీసే స్వభావ లక్షణం అయినదానికీ కానిదానికీ కలవరపడే గుణం. మనస్తత్వ శాస్త్రం దీన్ని న్యూరోటిసిజం అంటుంది. అమెరికాలో లోవెల్ కెల్లీ అనే మనస్తత్వవేత్త 1930ల్లో పెళ్లి కుదిరిన 300 జంటలను తీసుకుని, వారి స్వభావాలను పరిచయస్తుల చేత అంచనా వేయించాడు. 1980 దాకా సాగిన ఆ పరిశీలన ఫలితాలు 1987లో వెలువడ్డాయి. ఇద్దరిలో ఎవరికి ఈ కలవరం ఎక్కువున్నా కాపురానికి చేటే. దానికి భర్తలో నిగ్రహం లేకపోవడం తోడైతే విడాకుల ముప్పు పెరిగింది. భర్త నిగ్రహం గలవాడైతే చాలా జంటలు విడిపోలేదు, అలాగని సుఖపడిందీ లేదు. ఎన్నేళ్లు కలిసున్నారన్నదే కొలమానంగా పెట్టుకునే పెద్దలు (మన దగ్గరా తక్కువేం లేరు) ఈ సంగతి దగ్గర కాసేపు ఆగాలి. భర్త నిగ్రహమే అంత కీలకం కావడం వెనక మాత్రం, సంపాదన ఎక్కువగా మగవాడి చేతిలోనే ఉన్న ఆ కాలం ప్రభావమూ ఉండి ఉండాలి.