ఇల్లు – వాకిలి : అద్దె గదిలో గాలి ఎంత?

ప్రతి సంవత్సరం వేసవి సెలవులు ముగిసే వేళకు ఈ శీర్షికకు ఒకే తీరు ఉత్తరాలు వస్తాయి. విశాఖపట్నం నుండో, రామగుండం నుండో, హైదరాబాదు నుండో మన ఉద్యోగుల కుమారుడో కుమార్తెయో పై చదువులకు, పోటీ పరీక్షల శిక్షణకు ఢిల్లీ వస్తారు. ఆర్.కె. పురం పరిసరాలలో ఒక గది చూచిపెట్టమని ఇక్కడి సహోద్యోగులకు కబురు వస్తుంది. అద్దె ఎంత, మెస్సు ఎంత దూరం, ఇంటి యజమాని ఎటువంటివాడు అన్న మూడు ప్రశ్నలతో విచారణ ముగిసిపోతుంది. గదికి కిటికీ ఉన్నదా, ఉంటే అది ఎక్కడికి తెరుచుకొంటుంది అన్న ప్రశ్న వేసేవారు అరుదు. ఈ నెల ఆ ఒక్క ప్రశ్ననే తీసుకొంటున్నాము.

ఆర్.కె. పురం ఈ ప్రశ్నకు మంచి పాఠశాల. రామకృష్ణ పరమహంస పేరిట వెలసిన ఈ కాలనీ, మునిర్కా మొదలైన గ్రామాల పొలాలు సేకరించి కేంద్ర ప్రజాపనుల శాఖ కట్టిన సర్కారు వాడ. ఆ శాఖ వాస్తుశిల్పి హబీబ్ రెహమాన్ 1960 దశకంలో ఇక్కడ బహుళ అంతస్తుల నివాసాలకు రూపకల్పన చేశారు. పాత క్వార్టర్ల గదులు పెద్దవి కావు, గోడలకు సున్నం సరిగా ఉండదు, నీటి గొట్టాల సంగతి చెప్పనే అక్కరలేదు. అయినా బ్లాకుకూ బ్లాకుకూ మధ్య వేపచెట్టు పెరిగేంత ఎడం ఉన్నది. ముందు వాకిలి, వెనుక కిటికీ రెండూ ఆకాశం చూస్తాయి. గాలి ఒక వైపు ప్రవేశించి మరొక వైపు వెడలిపోతుంది.

రోడ్డు దాటి మునిర్కా గ్రామంలోకి గాని, మొహమ్మద్‌పూర్‌లోకి గాని అడుగు పెట్టండి. పొలాలు పోయినా ఊరు మిగిలింది. ఊరి ఆబాదీ చుట్టూ రెవెన్యూ పటంలో గీసిన ఎర్రగీతను లాల్ డోరా అంటారు. ఆ గీతకు లోపలి ఇండ్లకు 1963లో వచ్చిన ఒక నోటిఫికేషన్ భవన నిర్మాణ ఉపవిధుల నుండి మినహాయింపు ఇచ్చింది. పశువుల కొట్టం వేసుకొనే రైతు ప్లాను పట్టుకొని కార్యాలయం చుట్టూ తిరగనవసరం లేదన్నది అప్పటి ఉద్దేశం. అది సబబే. అయితే పశువులు పోయి అద్దెదారులు వచ్చారు. పెంకుటింటి స్థలంలో నాలుగు, ఐదు అంతస్తులు లేచాయి. గ్రామ ఆబాదీలకు ప్రత్యేక నిబంధనలు 2011లో గాని రాలేదు. ఈ లోపల దాదాపు అర్ధ శతాబ్దపు కట్టడం పూర్తయింది. బేర్ సరాయ్, జియా సరాయ్, కట్వారియా సరాయ్‌లలోనూ ఇదే కథ. మన పిల్లలు ఎక్కువగా దిగేది ఈ ఊళ్ళలోనే గనుక కొలతలు తెలిసి ఉండడం అవసరం.

కొలతలకు ఆధారం జాతీయ భవన నిర్మాణ సంహిత. ఇది మొదట 1970లో వెలువడి, 1983, 2005, 2016 సంవత్సరాలలో సవరింపబడింది. దాని ప్రకారం ఇంటికి నివాసయోగ్యమైన గది ఒక్కటే అయినప్పుడు అది 9.5 చదరపు మీటర్లకు, అనగా సుమారు 102 చదరపు అడుగులకు తగ్గరాదు. వెడల్పు 2.4 మీటర్లకు తగ్గరాదు. రెండు గదులుంటే రెండవది 7.5 చదరపు మీటర్లు ఉండవచ్చు. నేల నుండి కప్పుకు ఎత్తు 2.75 మీటర్లు, మన వాడుకలో తొమ్మిది అడుగులు. వంటగది 5 చదరపు మీటర్లు. స్నానాల గది 1.8 చదరపు మీటర్లు. ఇవి సుఖానికి కొలతలు కావని పాఠకులు గమనించవలెను. ఇంతకు తగ్గితే మనిషి ఉండదగదని చెప్పే కనిష్ఠ పరిమితులు.

కిటికీ లెక్క వాతావరణాన్ని బట్టి మారుతుంది. పొడి వేడి ప్రాంతాలలో గది వైశాల్యంలో పదవ వంతు, తేమతో కూడిన వేడి ప్రాంతాలలో ఆరవ వంతు, రెంటికీ మధ్యస్థంగా ఉన్నచోట ఎనిమిదవ వంతు, చలి ప్రాంతాలలో పన్నెండవ వంతు కిటికీలకు కేటాయించమని సంహిత చాలాకాలంగా చెబుతున్నది. మన కోస్తా వాసులు ఆరవ వంతు లెక్క చూచుకోవలెను. 9.5 చదరపు మీటర్ల గదికి అది సుమారు 17 చదరపు అడుగులు, అనగా నాలుగడుగులకు నాలుగుంపావు. కిటికీ తెరుచుకొనేది బయటి గాలిలోకి గాని, 2.4 మీటర్లకు మించని తెరిచిన వరండాలోకి గాని కావలెను. కిటికీ నుండి 7.5 మీటర్లు దాటిన భాగం వెలుతురు గల భాగంగా లెక్కకు రాదు.

అద్దె గదులలో జరిగే మోసం సరిగ్గా ఇక్కడే. ఇరవై అడుగుల గదిని ప్లైవుడ్ తడికతో రెండుగా కోస్తారు. బయటి సగానికి కిటికీ దక్కుతుంది. లోపలి సగానికి నడవాలోకి తెరుచుకొనే ఒక రంధ్రం పెట్టి దానికి కిటికీ అని పేరు పెడతారు. నడవాలోని గాలి పక్క గదులవారు విడిచిన గాలి. సంహిత దృష్టిలో ఆ రెండవ గదికి కిటికీ లేనట్టే.

దీని ఫలితం ఎంతో చిన్న లెక్కతో తెలుస్తుంది. 9.5 చదరపు మీటర్ల గది, 2.75 మీటర్ల ఎత్తు: సుమారు 26 ఘనపు మీటర్ల గాలి. అందులో ముగ్గురు విద్యార్థులు తలుపులు బిగించి నిద్రించారనుకొందాము. నిద్రలో ఒక మనిషి గంటకు సుమారు 15 లీటర్ల బొగ్గుపులుసు వాయువు విడుస్తాడు. ముగ్గురివి 45 లీటర్లు. బయటి గాలిలో ఆ వాయువు ప్రస్తుతం పది లక్షల వంతులకు 420 పైచిలుకు ఉన్నది. మూసిన గదిలో గంట గంటకు 1700 వంతులు చేరితే రెండు గంటలకు నాలుగు వేలకు దగ్గరవుతుంది. తలుపు సందుల గుండా కొంత పోతుంది గనుక అసలు సంఖ్య కొంత తక్కువగా ఉంటుందనుకోండి. మాక్స్ ఫాన్ పెట్టెన్‌కోఫర్ అనే జర్మన్ ఆరోగ్య శాస్త్రవేత్త 1858లోనే గదిలో ఇది వెయ్యి వంతులు మించరాదన్నాడు. తెల్లవారి లేవగానే తల బరువు, పుస్తకం తీస్తే ఆవులింతలు. తల్లిదండ్రులు సెల్‌ఫోను మీద నెపం వేస్తారు. అంతకంటె ముఖ్యం, ఒకరికి క్షయ సోకితే అదే గాలి మిగిలిన ఇద్దరి ఊపిరితిత్తులలోకి పోతుంది.

స్ప్లిట్ ఎయిర్ కండిషనరు ఉన్నది కదా అని కొందరు అడుగుతారు. అది గదిలోని గాలినే తిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలిని తేదు. గాలిని శుద్ధిచేసే యంత్రం ధూళిని పట్టుకొంటుంది గాని బొగ్గుపులుసు వాయువును పట్టుకోదు. ఇక ఢిల్లీలో చలికాలపు పొగమంచు సంగతి. కిటికీ తెరిస్తే విషం, మూస్తే ఉక్క అన్నది నిజమైన చిక్కే. ధూళి సాధారణంగా రాత్రి పొద్దుపోయాక, వేకువన ఎక్కువ. మధ్యాహ్నం ఎండ కాచి గాలి పైకి లేచినప్పుడు తక్కువ. ఆ వేళ ఒక గంట కిటికీ, తలుపు రెండూ తెరవడం, రాత్రి కిటికీని రెండు వ్రేళ్ళ సందు వదలడం మేము చెప్పగలిగిన మధ్యేమార్గం.

సందుల వెడల్పు గురించి రెండు మాటలు. బొంబాయిలో 1896లో ప్లేగు చెలరేగిన తరువాత 1898లో నగరాభివృద్ధి ట్రస్టు ఏర్పడింది. అక్కడి ఇంజనీర్లు 63½ డిగ్రీల నియమమొకటి తెచ్చారు. లెక్కలు తెలిసినవారికి అర్థమవుతుంది: ఎదుటి గోడ ఎత్తులో సగమైనా ఖాళీ స్థలం ఉండవలెను. హైదరాబాదులోనూ ప్లేగు అనంతరం 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడి ఇరుకు బస్తీలను తొలగించి గాలి వెలుతురు గల ఇండ్లు కట్టింది. ఆ నియమాన్ని మునిర్కా సందుకు అన్వయించండి. 12 మీటర్ల గోడకు 6 మీటర్ల ఎడం కావలెను. కొన్ని సందులలో చేతులు చాపితే ఇరువైపుల గోడలు అందుతాయి. అందువలన ఒకే అద్దెకు కింది అంతస్తు, మూడవ అంతస్తు రెండూ దొరికితే మెట్లెక్కే ఓపిక ఉన్నవారు మూడవదే తీసుకోవడం మేలు.

ఇరుకు ఇంటి సమస్య ఢిల్లీకే పరిమితం కాదు. 2011 జనగణన ప్రకారం దేశంలో నూటికి 37 కుటుంబాలు ఒకే గదిలో నివసించాయి. ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ పేదలకిచ్చిన ఒక సెంటు స్థలాల వ్యవహారంలో 2021 అక్టోబరులో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఆ విస్తీర్ణం చాలదని నిర్మాణాలు నిలిపివేసింది. ఆ సంవత్సరమే ద్విసభ్య ధర్మాసనం ఆ ఉత్తర్వును తొలగించింది. తీర్పుల జోలికి మేము పోము, లెక్క మాత్రం చూద్దాము. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు కడితే మిగిలేది 95. స్థలం వెడల్పు 18 అడుగులైతే అది ఐదడుగుల పట్టీ. దానిని ముందు వెనుకలకు పంచితే గాలి ఆడుతుంది. ఒకే వైపు ఉంచి మూడు గోడలూ పొరుగువారితో కలిపితే ఆడదు. విస్తీర్ణం ఎంత ముఖ్యమో అమరిక అంత ముఖ్యం. ఇది వివాదంలో ఎవరూ పెద్దగా మాట్లాడని విషయం.

గూడు అంటే నాలుగు గోడలు మాత్రమే కాదని సర్వోన్నత న్యాయస్థానం 1995 డిసెంబరులో చమేలీ సింగ్ కేసులో చెప్పింది. తగినంత చోటు, భద్రమైన కట్టడం, చాలినంత వెలుతురు, స్వచ్ఛమైన గాలి, నీరు, పారిశుద్ధ్యం అన్నీ అందులో అంతర్భాగమని ఆ తీర్పు వ్రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ కె. రామస్వామి.

గాలి తరువాత ప్రాణభయం గల విషయాలు. మొదటిది స్నానాల గదిలోని గ్యాస్ గీజరు. నిమిషానికి ఆరు లీటర్ల వేడినీళ్ళిచ్చే గీజరు గంటకు దాదాపు ఒక కిలో గ్యాసు మండిస్తుంది. కిలో గ్యాసు మండడానికి 12, 13 ఘనపు మీటర్ల గాలి కావలెను. పది నిమిషాల స్నానానికి రెండు ఘనపు మీటర్లు. ఆ చిన్న గదిలో ఉన్న గాలే మొత్తం నాలుగు ఘనపు మీటర్ల లోపు! ప్రాణవాయువు తగ్గగానే మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటె రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. గీజరు, సిలిండరు రెండూ గది వెలుపల ఉండవలెను. లోపల ఉంటే ఆ గది వద్దు. చలికాలంలో మంచం పక్కన అంగీఠీలో బొగ్గులు పెట్టుకొని తలుపు బిగించడమూ ఇదే ప్రమాదం. ఢిల్లీ పత్రికలలో ఏటా జనవరిలో ఆ వార్త కనబడుతూనే ఉంటుంది.

రెండవది నేలమాళిగ. 2024 జూలై 27న రాజేంద్ర నగర్‌లో వరదనీరు ఒక శిక్షణ కేంద్రపు నేలమాళిగలోకి చొరబడి ముగ్గురు విద్యార్థులు మరణించారు. సామాను నిల్వకు అనుమతి పొందిన చోట గ్రంథాలయం నడిచింది. నేలమాళిగలో నివాసం గాని, చదువు గదిగాని ఎంత చవకైనా ఒప్పుకోరాదు.

మూడవది నిప్పు. 2023 జూన్ 15న ముఖర్జీ నగర్‌లో మెట్ల దగ్గరి విద్యుత్ మీటర్లు అంటుకొన్నప్పుడు విద్యార్థులు కిటికీల నుండి తాళ్ళు పట్టుకొని దిగవలసి వచ్చింది. ఈ ఊళ్ళలో చాలా ఇండ్లకు మెట్లు ఒక్కటే, ఆ మెట్ల కిందనే మీటర్ల గుత్తి, పక్కనే మోటారు సైకిళ్ళు. కిటికీలకు దొంగల భయంతో కదలని ఇనుప చట్రాలు. చట్రంలో ఒక భాగమైనా లోపలి నుండి తెరుచుకొనేటట్టు బందు పెట్టించమని యజమానిని అడగవచ్చు. వెల్డరు రెండు గంటలలో చేసిపోతాడు. మేడ మీది తలుపుకు రాత్రిళ్ళు తాళం వేస్తారా అన్నది తప్పక అడగవలసిన ప్రశ్న. కింద పొగ కమ్మినప్పుడు పైకి పోవడమే దారి.

క్వార్టర్లలో ఉన్న మనకూ ఒక మాట. బాల్కనీని రేకులతో, అద్దాలతో మూసి అదనపు గది చేసుకోవడం మన కాలనీలలో అంటురోగంలా వ్యాపించింది. ఆ బాల్కనీలోకే లోపలి గది కిటికీ తెరుచుకొంటుంది. బయటి గది ఒకటి పెరిగిందనుకొంటాము, లోపలి గది ఒకటి చీకటి కొట్టవుతుంది. ఈశాన్యపు మూల కోసం గోడ పడగొట్టించేవారిని మేము అనేకులను చూచాము. వంటగదికి వెంటిలేటరు కోసం నాలుగు ఇటుకలు తీయించినవారిని వ్రేళ్ళ మీద లెక్కించవచ్చు.

గది చూడడానికి వెళ్ళేటప్పుడు ఒక కొలటేపు, ఒక అగరువత్తి తీసుకొని వెళ్ళండి. పట్టపగలు వెళ్ళి దీపాలు ఆర్పించండి. మంచం వేసే చోట కూర్చొని వార్తాపత్రిక చదవగలిగితే వెలుతురు ఫరవాలేదు. చదువుకొనే చోట పగటి వెలుతురు 150 లక్స్, వంటగదిలో 200 లక్స్ ఉండవలెనని ప్రమాణం. అగరువత్తి వెలిగించి కిటికీ, తలుపు తెరిచి పట్టుకోండి. పొగ ఒక వైపు వాలితే గాలి ఆడుతున్నది. నిలువుగా లేచి కప్పు కింద పరచుకొంటే ఎగ్జాస్టు ఫ్యాను పెట్టించిన తరువాతనే అడ్వాన్సు ఇవ్వండి.

వచ్చే సంచికలో మేడ మీది నీటి ట్యాంకుల శుభ్రత గురించి.