తాకట్టులో సర్టిఫికెట్టు

బాకీపడినవాని తిరుగలిరాతిని కుదువ పట్టుకొనగూడదని మోషే ధర్మశాస్త్రము (ద్వితీయోపదేశకాండము 24) శాసించుచున్నది. హేతువేమి? రాయి పోయినచో పిండి లేదు. పిండి లేనిచో రొట్టె లేదు. బాకీ తీర్చుకొను సాధనమునే లాగుకొన్నవాడు వాని బ్రతుకునే లాగుకొన్నవాడు.

నేడు మన రాజోలు ప్రాంతపు బీదబిడ్డకు ఆ తిరుగలిరాయి చదువు సర్టిఫికెట్టే. ఫీజు రీయింబర్స్‌మెంటు సొమ్ము రాలేదని కాలేజీవారు దానిని బీరువాలో పెట్టి తాళము వేయుదురు. ఉద్యోగమునకు సర్టిఫికెట్టు కావలెను. సర్టిఫికెట్టుకు ఫీజు కట్టవలెను. ఫీజు కట్టుటకు ఉద్యోగము కావలెను. ఈ గానుగలో తిరుగునది మన బిడ్డయే.

"కాలేజీవారును జీతములియ్యవలెను గదా?" అందురు. నిజమే. అయితే వారు నిలదీయవలసినది బాకీపడిన ప్రభుత్వమును. కొబ్బరి దింపు కూలివాని కూతురిని కాదు. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లను తమయొద్ద ఉంచుకొనరాదని యూజీసీ 2018లోనే ఉత్తరువు చేసినది.

ఈ సొమ్ము నడుచు త్రోవ మాత్రము మారుచునే యున్నది. వై.యస్. రాజశేఖరరెడ్డి కాలమున కాలేజీకి చెల్లెడిది. 2021లో తల్లుల ఖాతాలకు మారెను. 2024లో వచ్చిన ప్రభుత్వము మరల కాలేజీకే త్రిప్పెను. త్రోవ ఏదైనను, ఆలస్యమైనచో భారము తల్లిమీదనే. ఆమె చెవికమ్మలు బ్యాంకుకు పోవును, లేదా ఆమెయే కువైటుకు పోవును.

"2008లో కేంద్రము రైతుల అప్పులు మాఫీ చేసెను గదా, చదువు అప్పులును మాఫీ చేయరాదా?" అని కొందరడుగుదురు. చేయవచ్చును. అయితే మాఫీ రోగము ముదిరిన తరువాతి మందు. అమెరికాలో 2022లో అధ్యక్షుడు బైడెన్ ప్రకటించిన విద్యార్థుల ఋణమాఫీని 2023 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టివేసెను. సకాలమున చెల్లిన ఫీజునకు ఏ మాఫీయు అక్కరలేదు, ఏ కోర్టు భయమును లేదు.

"చదువుకొననివాని పన్నుతో ఇంజనీరును చదివించుటేల?" అనువారికి ఒక్క మాట. అరయెకరము అమ్ముకొనగలవాని కుమారుడు ఎట్లైనను చదువును. ఈ సాయము ఆగినచో చదువాగునది ఆ చదువుకొననివాని బిడ్డకే. ఇది భిక్ష కాదు, న్యాయము.

కాబట్టి ఊరకుండకుడి. ప్రతి సంఘమునందు వడ్డీలేని విద్యానిధి నిలుపుడి. ఆ సాయముతో చదివి నేడు హైదరాబాదులో జీతము తీయు మన బిడ్డలు దానికి మొదటి కానుక పంపవలెను. పెద్దలు పదిమంది కలిసి కాలేజీకి వెళ్లి, బిడ్డ సర్టిఫికెట్టును అడుగుడి. కలెక్టరుగారికి అర్జీ పెట్టుడి. ఆ బిడ్డకొరకు మోకరించిన మనము ఆమె వెంట కాలేజీ గుమ్మమువరకు నడువలేమా?