పగులు మూలలోనే పుడుతుంది



పిస్టల్ పైభాగంలో ముందుకూ వెనక్కీ జరిగే స్లైడ్లు విరగడానికి నాసిరకం ఉక్కే కారణమని గత సంచికలో మీ వ్యాసకర్త తేల్చేశారు. నేను ఒప్పుకోలేను. 1980లలో అమెరికా సైన్యం వాడిన బెరెట్టా పిస్టళ్లలో కొన్నింటి స్లైడ్లు విరిగి, వెనక ముక్క ఎగిరొచ్చి కాల్చేవాళ్ల ముఖాలకే తగిలింది. ఉక్కు మీద అనుమానాలు వచ్చిన మాట నిజమే. కానీ అవి విరిగిందెక్కడ? గొట్టాన్ని స్లైడ్‌కు బిగించే లాకింగ్ బ్లాక్ కోసం రెండు పక్కలా లోహం తొలిచిన చోట. కాల్చిన ప్రతిసారీ స్లైడ్ వెనక్కి కొట్టుకుంటుంది, ఒత్తిడంతా ఆ పలచని చోట, లోపలి మూలలో పోగవుతుంది. కంటికి కనపడని పగులు అక్కడ పుట్టి, తూటా తూటాకూ కాస్త కాస్త పాకుతుంది.

తర్వాత బెరెట్టా 92ఎఫ్ఎస్ మోడల్‌లో సుత్తి పిన్ను తల పెద్దది చేసి, స్లైడ్ అడుగున గాడి తీశారు. స్లైడ్ విరిగినా ముక్క మనిషి మీదికి రాకుండా ఆ తల పట్టుకుంటుంది. మెచ్చుకోవాల్సిన పని అది. ఈ మార్పు ఊసే వ్యాసంలో లేదు!

మూలలో పగులు పుట్టడం పిస్టళ్లకే పరిమితం కాదు. సింగపూర్ నుంచి లండన్ బయల్దేరిన కామెట్ విమానం 1954 జనవరి 10న ఎల్బా దగ్గర కూలి 35 మంది చనిపోయారు. అక్కడా లోహం అలసి చీలింది పైకప్పులో తొలిచిన కిటికీ మూల దగ్గరే. నెపం ఉక్కు మీదికి నెట్టేస్తే కుర్ర ఇంజనీర్లు మూలలు గుండ్రంగా తీయడం ఎందుకు నేర్చుకుంటారు?

దయచేసి వచ్చే సంచికలో స్లైడ్ అడ్డుకోత బొమ్మ వేసి, ఆ మూలను గుర్తుపెట్టి చూపించండి.

– ఒక మెకానికల్ ఇంజనీరు,
చాంగీ బిజినెస్ పార్క్, సింగపూర్