రెండు తీగలు, ఒకే స్తంభం

దారి ఒకటి మూసుకుపోతే మరొకటి వుండాలని కురుపాం వాసులకు వేరే చెప్పనక్కరలేదు. వానాకాలంలో గెడ్డ పొంగితే ఆ సంగతి తెలిసివస్తుంది. కంప్యూటర్లను కలిపే తీగలకూ ఇదే న్యాయం వర్తిస్తుంది గదా అనుకుంటాం. కాని అక్కడ రెండో దారి వేస్తే కొత్త చిక్కు వచ్చిపడుతుంది.

కాలేజీలోనో ఆఫీసులోనో కంప్యూటర్లను కలిపే పెట్టెను స్విచ్ అంటారు. గోడమీద దీపం స్విచ్ కాదు సుమండీ! ఈ పెట్టెల మధ్య తీగలు వలయంగా చుట్టుకుంటే, "అందరికీ" అని పంపిన కబురు గానుగెద్దులా తిరుగుతూ, తిరిగినకొద్దీ పెరిగి, క్షణాల్లో అన్ని పనులనూ ఆపేస్తుంది. ఈథర్‌నెట్ కబురుకు ఇన్ని మజిలీలని ఆయుర్దాయం లేకపోవడమే దీనికి కారణం.

అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో పనిచేసిన రేడియా పెర్ల్‌మన్ అనే ఆవిడ 1985లో దీనికి మందు ప్రకటించింది. వలయం చేసే తీగలను మూసివేసి, చెట్టుకొమ్మల్లా ఒక్క దారే మిగల్చడం ఆ ఉపాయం. ప్రమాదం తప్పింది. కాని డబ్బుపోసి కొన్న తీగలు కొన్ని ఊరికే పడివున్నాయి.

ఆ లోపం తీర్చడానికీ ఆవిడే పూనుకుంది. 2011లో "ట్రిల్" అనే పద్ధతి వెలువడింది. అది కబురుకు మజిలీల లెక్క కట్టి, సమదూరంలో వున్న దారులన్నిటినీ వాడుకుంటుంది. మరుసటి ఏడే "షార్టెస్ట్ పాత్ బ్రిడ్జింగ్" అనే మరో పద్ధతి వచ్చింది.

మరి కథ కంచికి చేరినట్టేనా? లేదు. ఒక సంభాషణలోని ముక్కలు వరస తప్పకూడదు గనుక వాటినన్నిటినీ ఒకే దారిన పంపుతారు. అందుచేత రెండు తీగలున్నా ఒక్క పెద్ద ఫైలు రెట్టింపు వేగంతో రాదు. పదిమంది ఒక్కసారి వాడుకున్నప్పుడే లాభం. "అందరికీ" అన్న కబురు మాత్రం ఇప్పటికీ చెట్టుదారినే ఇంటింటికీ వెళుతుంది. పైగా ట్రిల్‌కు ఆ విద్య తెలిసిన స్విచ్‌లే కావాలి. పాతవి దాన్ని నేర్వలేవు. చివరకు పెద్ద పెద్ద కంప్యూటర్ కేంద్రాలు 2014లో వెలువడిన "వీఎక్స్‌లాన్" వైపు మొగ్గాయి.

అన్నిటికన్నా పెద్ద లోపం వేరే వుంది. ఈ పద్ధతులు తీగలను లెక్కపెడతాయే గాని, అవి వేలాడే స్తంభాన్ని చూడలేవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు స్తంభాలు వేలల్లో కూలాయి. తరువాత మన రాష్ట్రంలో ఫైబర్‌నెట్ కేబులును చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. రెండు తీగలూ ఒకే స్తంభం మీదుంటే, ఒక చెట్టు విరిగిపడితే చాలు, రెండూ తెగుతాయి.

కనుక బడికో ఆసుపత్రికో రెండో లైను వేయిస్తామని ఎవరైనా వస్తే, వేగం సంగతి తరువాత అడగండి. "అది ఏ స్తంభాల మీదుగా వస్తుంది నాయనా?" అని ముందు అడగండి.