కిలో కర్ర చాలు

బరువెత్తితేనే బలం వస్తుందన్న నమ్మకం మా చీడికాడ చుట్టుపక్కల ఊళ్ళలో బాగా పాతుకుపోయింది. సంక్రాంతికి సంగిడి రాయి ఎత్తినవాడికి ఈలలు, చప్పట్లు. కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్న కుర్రాడైతే చోడవరం దాకా బండి మీద పోయి, ఇనుప ప్లేట్ల కింద పడుకుని ఛాతీ పెంచుకుంటాడు. వీళ్ళ ముందు కిలో బరువున్న కర్ర ముగ్దరాల జత పెట్టి, వీటితో మొదలుపెట్టండి బాబూ అంటే ఒకటే జవాబు: “కిలో కర్రతో ఏటవుద్ది మాస్టారూ?” పెద్దవాళ్ళ జవాబు ఇంకోటి: “పొద్దస్తమానం పొలంలో చేస్తన్నాం, మళ్ళీ కసరత్తేటి?”

ఈ రెండు మాటలూ తప్పే. రెండూ మన భుజాలకు చేటు చేస్తున్నాయి కాబట్టే వీటిని ఖండించాలని కూర్చున్నాను.

ముందు కిలో సంగతి తేల్చుకుందాం. ముగ్దరం అంటే మెడ సన్నగా, కడుపు లావుగా, పిడి చివర గుబ్బతో ఉండే కర్ర. పాత బళ్ళలో డ్రిల్లు మాస్టార్లు ఇండియన్ క్లబ్బు అన్నది దీన్నే. దీన్ని ఎత్తరు, తిప్పుతారు. తేడా అంతా అక్కడే ఉంది. మూరెడు పొడవున్న ముగ్దరంలో బరువు చాలావరకు చివరి భాగంలోనే ఉంటుంది. చెయ్యి బారుగా చాచి తిప్పితే ఆ బరువు భుజం కీలుకి సుమారు మూడడుగుల దూరంలో చుట్టు తిరుగుతుంది. సెకనుకు ఒక చుట్టు తిప్పారనుకోండి. లెక్క కడితే, కర్ర కిందికి దిగిన క్షణాన భుజాన్ని లాగే బలం నాలుగున్నర కిలోలు దాటుతుంది. అదే కర్ర నెత్తి మీదికి వెళ్ళినప్పుడు చేతిని పైకి గుంజుతుంది, పక్కకి వచ్చినప్పుడు పక్కకి గుంజుతుంది. వేగం రెట్టింపు చేస్తే తిరుగుడు వల్ల పుట్టే గుంజుడు నాలుగు రెట్లవుతుంది. క్షణక్షణానికీ దిక్కు మారే ఈ లాగుడుకి భుజం చుట్టూ ఉన్న కండరాలన్నీ వంతులవారీగా పని చెయ్యక తప్పదు. ఇప్పుడు మన కుర్రాడు కోరినట్టే నాలుగు కిలోల ముగ్దరం చేతికిస్తే ఏమవుతుందో ఆలోచించండి. మొదటిరోజే భుజం మీద పద్దెనిమిది కిలోల పైన గుంజుడు పడుతుంది. దానికి అలవాటు పడని కీలు, దానికి తెలియని దారి. వారం తిరక్కుండా నొప్పి మొదలవుతుంది. అప్పుడు తప్పు ముగ్దరానిదంటారు.

శరీరంలో అన్నిటికంటే ఎక్కువ దిక్కులకు తిరిగే కీలు భుజానిది. అంత స్వేచ్ఛ ఉంది కనకే దానికి పట్టు తక్కువ. ఎముక గుండు పెద్దది, అది కూర్చునే గిన్నె లోతు లేనిది. ఆ గుండుని గిన్నెలో నిలిపి ఉంచేవి లోపల దాగిన నాలుగు చిన్న కండరాలు. అద్దంలో కనిపించేవి అవి కావు. పడుకుని ఇనుము నెట్టేటప్పుడు ముందువైపు పెద్ద కండలు ఉబ్బుతాయి, చొక్కా బిగుతవుతుంది. ఆ నాలుగింటికీ, రెక్క ఎముకను కదిపే వీపు కండరాలకూ ఆ పనిలో వచ్చే వాటా చాలా తక్కువ.

కుర్రాళ్ళ ఆరాటం నాకు అర్థమవుతుంది. మన రాష్ట్రంలో కానిస్టేబుల్ ఎంపికకు మగవాళ్ళకి ఛాతీ 86.3 సెంటీమీటర్లు ఉండాలి, ఊపిరి పీలిస్తే మరో 5 సెంటీమీటర్లు పెరగాలి. టేపు పెట్టి కొలుస్తారు కాబట్టి అందరి దృష్టీ ఛాతీ మీదే. కానీ నిబంధనలో రెండో సగాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ 5 సెంటీమీటర్లు కండతో రావు. పక్కటెముకలు విచ్చుకోవాలి, భుజాలు వెనక్కి వెళ్ళాలి, వీపు పైభాగం బిగుసుకుపోకుండా ఉండాలి. ముందుకు వంగిపోయిన భుజాలతో కండ ఎంత పెంచినా ఊపిరికి చోటు దొరకదు. ఇక సైన్యంలో అగ్నివీర్‌కి వెళ్ళేవాళ్ళు కడ్డీ పట్టుకుని పైకి లాగాలి. చేతులు పూర్తిగా పైకి చాచి వేలాడటమే రాని భుజంతో ఎన్నిసార్లు లాగగలరు? అభ్యాసం మొదలుపెట్టేముందు పది నిమిషాలు ముగ్దరాలు తిప్పుకుంటే ఈ రెండు పనులకూ కీలు సిద్ధమవుతుంది.

రెండో మాట, పొలం పని చేసేవాడికి వ్యాయామం ఎందుకన్నది. ఇది చాలామంది మంచి మనసుతో అనే మాట, చెమటోడ్చే మనిషి మీద గౌరవంతో అనే మాట. అందుకే దీన్ని కొట్టిపారెయ్యకుండా ఓపికగా చూడాలి. కోనాం రిజర్వాయరు నీళ్ళు పారే మా పొలాల్లో వరి నాటే మనిషిని చూడండి. నడుము వంగి ఉంటుంది, చేతులు ముందుకీ కిందికీ వెళ్తాయి. చెరకు నరికే మనిషి ఎడమచేత్తో గడ పట్టి, కుడిచేత్తో వేటు వేస్తాడు. వేలసార్లు వేసినా అదే వాలు, అదే చెయ్యి. మోపు తలకెత్తుకుంటే భారమంతా మెడ మీద, వెన్ను మీద పడుతుంది. బెల్లం పెనంలో పాకం కలియబెట్టే చేతులదీ ముందువైపు దారే. చెయ్యి తల వెనక్కి వెళ్ళి, వీపు దాకా దిగి, మళ్ళీ గుండ్రంగా పైకి వచ్చే అవసరం వీటిలో దాదాపు ఉండదు. జాడలో పడ్డ బండిచక్రం లాగా భుజం ఒకే దారిలో అరిగిపోతుంది, మిగిలిన దారులు మూసుకుపోతాయి. పని తనకు కావలసిన చోటికే చేతిని తీసుకుపోతుంది. ఒంటికి కావలసిన చోటికి తీసుకుపోయేది వ్యాయామం. రెండూ చెమట పట్టిస్తాయి కాబట్టి రెండూ ఒకటే అనుకోవడం పొరపాటు.

నమ్మకం కుదరకపోతే, జీవితమంతా కష్టపడి యాభై దాటిన మనుషుల్ని చూడండి. చెయ్యి వెనక్కి పెట్టి వీపు అందుకోలేని రైతులున్నారు. కొప్పు ముడుచుకోవడానికి చేతులు పైకి లేవని ఆడవాళ్ళున్నారు. షుగరు ఉన్నవాళ్ళకు భుజం పట్టేసే జబ్బు ఎక్కువగా వస్తుందని వైద్యులు చెబుతారు. అది వచ్చేశాక ముగ్దరం ముట్టుకోకూడదు, ముందు డాక్టరుకి చూపించుకోవాలి. రాకముందు భుజాన్ని రోజూ నాలుగు దిక్కులకీ తిప్పుకోవడం మన చేతిలో పని.

ఇక “మన పూర్వులు కొండలెత్తారు” అనేవాళ్ళకు కోడి రామమూర్తి నాయుడి పేరు చెప్పకుండా మాట పూర్తికాదు. వీరఘట్టంలో పుట్టిన ఆ మహాబలుడు ఉత్తరాంధ్రలో ఇంటింటికీ తెలుసు. విశాఖ బీచ్‌లో ఆయన విగ్రహం ఉంది, శ్రీకాకుళంలో ఆయన పేరున స్టేడియం ఉంది. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నాడు, ఇనుప గొలుసులు తెంపాడు, కదిలే కార్లను ఆపాడు. ఈ కథలు మనకు కంఠస్థం. ఆయన విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పిల్లలకు కసరత్తు నేర్పిన సంగతీ, ఊపిరి బిగబట్టే సాధన చేసిన సంగతీ ఎంతమంది చెప్పుకుంటారు? ఏనుగు ఆ సాధనకు చివరి మెట్టు. మనం చివరి మెట్టు ఫోటో తీసి గోడకు తగిలించుకుని, మొదటి మెట్టును మర్చిపోయాం.

శ్రీకృష్ణదేవరాయలి దినచర్య గురించి 1520 ప్రాంతంలో విజయనగర సామ్రాజ్యానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ రాశాడు. తెల్లారకముందే నువ్వులనూనె తాగి, ఒంటికీ పట్టించుకుని, మట్టితో చేసిన పెద్ద బరువులు చేతులతో ఎత్తేవాడట. బరువులతో ఆగలేదు. ఆ నూనె అంతా చెమటగా పోయేదాకా కత్తి తిప్పేవాడు, ఆ తరవాతే కుస్తీ, గుర్రపుస్వారీ. ఎత్తడం, తిప్పడం ఆయన కసరత్తులో పక్కపక్కనే ఉండేవి. మనం మొదటిది ఉంచుకుని రెండోదాన్ని వదిలేశాం.

పారేసుకున్నది ఎక్కడికి పోయిందో తెలుసుకుంటే బాధేస్తుంది. మన దేశంలో సిపాయిలు ముగ్దరాలు తిప్పడం చూసిన ఇంగ్లీషు సైనికాధికారులు ఆ విద్యను తమ దేశానికి పట్టుకెళ్ళారు. 1834లో లండన్‌లో వచ్చిన డొనాల్డ్ వాకర్ వ్యాయామ గ్రంథంలో దానికి చోటు దొరికింది. 1866లో న్యూయార్క్‌లో సిమ్ కీహో దీని మీదే ఒక పుస్తకం వేశాడు. 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్‌లో ఇది పోటీ అంశం. 1932 లాస్ ఏంజెలెస్‌లో మళ్ళీ పెట్టారు, అమెరికాకు చెందిన జార్జ్ రాత్ బంగారు పతకం గెలిచాడు. ఇరాన్‌లో జూర్‌ఖానాలనే వ్యాయామశాలల్లో ఈనాటికీ ముగ్దరాలు తిప్పుతున్నారు. ఆ సంప్రదాయాన్ని యునెస్కో 2010లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఒలింపిక్స్‌లో ఆడపిల్లలు చేసే రిథమిక్ జిమ్నాస్టిక్స్‌లో చేతుల్లో తిరిగే క్లబ్బులు వీటి సంతతే. వాటి బరువు ఒక్కోటి 150 గ్రాములుంటే చాలు. వాటిని ఎగరేసి పట్టుకోవాలి కాబట్టి అంత తేలిక అనండి, ఒప్పుకుంటాను. కానీ ప్రపంచంలోని మేటి క్రీడాకారిణులు 150 గ్రాములతో ఏళ్ళ తరబడి సాధన చేస్తుంటే, మొదటిరోజు కుర్రాడికి కిలో నామోషీ ఎందుకు?

కాశీ అఖాడాల్లో ఇరవై కిలోలు దాటిన జోడీలు తిప్పే పహిల్వాన్లున్నారు. వాళ్ళకు దండం పెడతాను. వాళ్ళు గురువు కళ్ళ ముందు, చిన్న కర్రతో మొదలుపెట్టి, ఏళ్ళమీద అక్కడికి చేరినవాళ్ళు. ఫోనులో అర నిమిషం వీడియో చూసి గద భుజానికెత్తుకున్నవాళ్ళు కారు.

ఇనుముతో నాకు పగ లేదు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్ళి, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు ఎత్తుల్లో కలిపి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లేశ్వరి మన గడ్డకు గర్వం. నెత్తి మీద అలాంటి బరువు నిలపాలంటే భుజం ఎంత సాఫీగా తిరగాలో ఆ ఆట తెలిసిన ఎవరినైనా అడగండి. ముగ్దరాలు అన్నీ ఇస్తాయనీ అనను. కాళ్ళకు గుంజీలు, గుండెకు పరుగు వేరే చెయ్యాలి. పెద్ద కండలు కావాలంటే పెద్ద బరువులే ఎత్తాలి. భుజం, మణికట్టు, వీపు పైభాగం, రెండు చేతుల పొందిక వీటి రాజ్యం. అక్కడ వీటికి సాటి వచ్చే యంత్రం నేనెరగను.

మొదలుపెట్టడం చాలా సులువు. ఆడవాళ్ళకు, పిల్లలకు, అరవై దాటినవాళ్ళకు జతలో ఒక్కోటి అర కిలో. ఒళ్ళు వంగే మగవాళ్ళకు ముప్పాతిక నుంచి కిలో. నెత్తి మీద ఫ్యానూ కొమ్మా లేని చోటు, కాలు జారని నేల చూసుకోండి. చుట్టుపక్కల పిల్లలు లేకుండా చూసుకోండి. పాదాలు భుజాల వెడల్పున పెట్టి, మోకాళ్ళు బిగించకుండా నిలబడండి. పిడిని గట్టిగా నొక్కద్దు, బొటనవేలూ చూపుడువేలూ పట్టుకుంటే మిగతా వేళ్ళు ఊరికే కాపలా ఉంటే చాలు. మొదట ఒక్క చేత్తోనే, అదీ ఎడమచేత్తో. కుడిచెయ్యి ఎలాగూ నేర్చుకుంటుంది. కొన్నాళ్ళు ముందుకీ వెనక్కీ ఊపండి, అంతే. తరవాత ఒంటి ముందు పెద్ద చుట్టు, బయటివైపు కొన్ని, లోపలివైపు అన్నే. అది కుదిరాక తల వెనక చిన్న చుట్టు: మోచెయ్యి పైకి లేపి, మణికట్టు చెవి దగ్గరుంచి, కర్రను వీపు వెనక తిరగనివ్వాలి. ఇక్కడే అందరూ తడబడతారు, తల తగులుతుందని భయపడతారు. ఈ చిన్న చుట్టు వచ్చేదాకా రెండో కర్ర ముట్టుకోవద్దు. పెద్ద చుట్టూ చిన్న చుట్టూ కలిపితే అసలు విద్య మొదలవుతుంది.

రోజుకు ఐదు నిమిషాలతో మొదలుపెట్టి, నెల గడిచాక పది చెయ్యండి. ఊపిరి బిగబట్టకండి. చుట్టు గుండ్రదనం చెడిందంటే ఆ రోజుకి చాలు, అలసట కోసం ఎదురుచూడక్కర్లేదు. కీలు లోపల సూదిలా పొడిస్తే అక్కడే ఆపాలి. బరువు పెంచాలనిపిస్తే పావుకిలో చొప్పున, అదీ రెండు చేతులూ సమానంగా తిరిగాకే.

దీనికి జిమ్ము ఫీజు అక్కర్లేదు, చోడవరం ప్రయాణం అక్కర్లేదు. నాగళ్ళు, బండ్లు చేసిన వడ్రంగులు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు, పని లేక ఉన్నారు. తుమ్మ కర్ర, టేకు ముక్క దేనితోనైనా చెయ్యచ్చు. మన జిల్లాలోనే ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రను లేత్ మీద తిప్పి, లక్కరంగు పూసి చేసే ఆ ఊరి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ చేతులకు ముగ్దరం కష్టమైన పని కాదు. బళ్ళో వ్యాయామం నేర్పే టీచర్లను కోరుతున్నాను: తరగతికి నాలుగు జతలు చేయించండి, ఆడపిల్లలకు ముందివ్వండి. సంక్రాంతి పోటీలు పెట్టే పెద్దల్ని కోరుతున్నాను: సంగిడి రాయి పక్కనే ముగ్దరాలకూ ఒక బహుమతి పెట్టండి, బరువుకి కాకుండా చుట్టు తీరుకి మార్కులెయ్యండి. ఇది చదువుతున్న మీరు మీ ఊరి వడ్రంగి దగ్గరకెళ్ళి, తూకం వేయించి మరీ ఒక జత చేయించుకోండి. ఇంత చిన్నవేమిటి, రెండేసి కిలోలవి చేసిస్తానని ఆయనంటే వద్దనండి.